మనసుకు ఇచ్చిన మందు చేతిని ఎందుకు వణికిస్తుంది?

గుణుపురం దగ్గరి ఒక ఊరి నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్న ఇది. వారి అమ్మగారికి 58 ఏళ్లు. మూడేళ్ల కిందట ఎవరో తనను తిడుతున్నట్టు చెవిలో మాటలు వినిపించడం మొదలైతే విశాఖపట్నంలో మానసిక వైద్యునికి చూపించారు. ఆయన రిస్పెరిడోన్ రాశారు, నెలన్నరలో ఆ మాటలు తగ్గాయి. కిందటి ఏడాది మళ్లీ కొద్దిగా వినిపిస్తున్నాయంటే మోతాదును 2 మిల్లీగ్రాముల నుంచి 4కు పెంచారు. ఆ తరువాత కూర్చున్న చోటి నుంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయని ఊళ్లోనే ఒకరు సినరిజిన్ మాత్రలు ఇచ్చారు, అవి నెలల తరబడి సాగాయి. ఆరు నెలలుగా ఆమె కుడిచేయి వణుకుతోంది, అడుగులు చిన్నవయ్యాయి, ముఖంలో నవ్వూ కోపమూ ఏదీ తెలియడం లేదు. వణుకు కోసం మరొక చోట ట్రైహెక్సీఫెనిడిల్ రాశారు. ఇప్పుడు నోరు ఎండిపోతోంది, విరేచనం సరిగా కావడం లేదు, రాత్రివేళ సొంత ఇంట్లోనే ఉండి “మన ఇంటికి పోదాం పద” అంటున్నారు. మనసుకు ఇచ్చిన మందు చేతిని ఎలా పట్టుకుందని, అన్నీ మానేస్తే ఆమె మునుపటిలా అవుతారా అని ఆయన అడుగుతున్నారు. ఏళ్ల తరబడి నిద్రకు ఆల్ప్రజోలం వేసుకుంటున్న మేనమామగారు తానూ మానేస్తానని, అక్క చేత కూడా అన్నీ మాన్పించమని పట్టుబడుతున్నారట.

ముందు అత్యవసరమైన మాట. అమ్మగారి మందులను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, మామయ్యగారిని కూడా ఆల్ప్రజోలం ఒక్కరోజులో ఆపవద్దని ఈ రోజే చెప్పండి. కారణం చెప్పడానికి కొంత వివరం కావాలి, ఓపికగా చదవండి. నేను బరంపురంలో ముప్పై ఏళ్లకు పైగా వైద్య విద్యార్థులకు ఫార్మకాలజీ, అంటే మందులు శరీరంలో పనిచేసే తీరును వివరించే శాస్త్రం, చెప్పి, ఇప్పుడు పర్లాకిమిడిలో ఉంటున్నాను. తరగతిలో ఇంగ్లీషులో, వార్డులో ఒడియాలో చెప్పిన విషయాన్ని మన భాషలో రాయవలసిన అవసరం మీ ప్రశ్న వల్ల కలిగింది.

మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఒక కణానికీ దాని సంకేతాన్ని అందుకునే కణానికీ మధ్య చాలాచోట్ల దాదాపు 20 నానోమీటర్ల సందు ఉంటుంది, అంటే తల వెంట్రుక మందంలో కొన్ని వేలవ వంతు. విద్యుత్ సంకేతం ఆ సందు అంచుదాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడ ఒక రసాయనం విడుదలై, అవతలి కణం పొరలో కూర్చున్న ఒక ప్రొటీన్‌కు అంటుకుంటుంది. ఆ రసాయనాన్ని న్యూరోట్రాన్స్‌మిటర్ అని, ఆ ప్రొటీన్‌ను రిసెప్టర్ అని అంటారు; తెలుగు పుస్తకాల్లో గ్రాహకం అని కనిపిస్తుంది. నికోటిన్, క్యురారే అనే విషాలు కండరం మీద ఒకదానికొకటి అడ్డుపడే తీరు చూసి, కణంలో ఇటువంటి గ్రహించే పదార్థం ఒకటి ఉండి తీరాలని కేంబ్రిడ్జిలో జాన్ లాంగ్లే 1905లో ప్రతిపాదించాడు. 1921లో ఆటో లోవి ఒక కప్ప గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడిని ప్రేరేపించి, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని మరొక కప్ప గుండె మీద పోస్తే అది కూడా నెమ్మదించింది. నాడి చెప్పే మాట రసాయనంగా ప్రయాణిస్తుందని అలా తేలింది, 1936లో హెన్రీ డేల్‌తో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మీ అమ్మగారి విషయంలో కీలకమైన సంగతి ఒకటుంది. మింగిన మాత్రకు చిరునామా తెలియదు. అది రక్తంలో కలిసి, మెదడు రక్తనాళాల గోడను దాటగలిగితే దాటి, తనకు అమరే రిసెప్టర్ ఎక్కడెక్కడ ఉంటే అక్కడల్లా అంటుకుంటుంది. చెవిలో మాటలను ఆపే చోట కూర్చుని, చేతి కదలికను నడిపే చోటును విడిచిపెట్టడం దాని చేతిలో లేదు. మేలు చేసిందీ కీడు చేసిందీ ఒకే అతుకు అని అర్థమైతే, దుష్ఫలితం అనే మాటను మనం వాడే తీరు కూడా మారుతుంది.

తాళానికి తాళంచెవి అమరినట్టు రిసెప్టర్‌కు మందు అమరుతుందని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. ఆ పోలిక సగం దూరమే వస్తుంది. వంశధార కాలువ కింద సాగు చేసే మీకు మదుము, అంటే కాలువ నీటిని వదిలే, ఆపే తలుపు, బాగా తెలుసు కనుక దానితో చెబుతాను. శరీరంలో సహజంగా ఉన్న రసాయనం మదుము పలకను పైకి లేపుతుంది. కొన్ని మందులు అదే పని చేస్తాయి. నల్లమందు నుంచి తీసిన మార్ఫిన్ ఆ కోవలోది, మన శరీరమే తయారుచేసుకునే ఎండార్ఫిన్లు అంటుకునే రిసెప్టర్లకే అది అంటుకుంటుంది. మరికొన్ని పలక మీద కూర్చుంటాయి గాని లేపవు, లేపవలసిన రసాయనానికి చోటు లేకుండా చేస్తాయి. డోపమిన్ అనే మెదడు రసాయనం అంటుకునే రిసెప్టర్ మీద రిస్పెరిడోన్ చేసేది ఇదే. ఇంకొన్ని పలకను సగమే లేపి అక్కడ నిలిపి ఉంచుతాయి. నీరు పొర్లుతున్న చోట అవి ఉధృతిని తగ్గిస్తాయి, ఎండిన చోట కొంత పారిస్తాయి, అరిపిప్రజోల్ ఇటువంటిది. నాలుగో రకం పలకను అసలు ముట్టుకోదు, పక్కనుండే చువ్వకు నూనె రాసినట్టు చేసి, సహజ రసాయనం లేపినప్పుడు పలక సులువుగా, పదేపదే లేచేలా చేస్తుంది. మీ మామయ్యగారి ఆల్ప్రజోలం ఈ నాలుగో రకం.

ఇక అమ్మగారి మందులను ఒక్కొక్కటిగా చూద్దాం. ఆమెకు జరిగింది నాలుగు వేరువేరు జబ్బులు కాదని, ఒకదాని వెంట ఒకటిగా మూడు రిసెప్టర్ల కథ అని నాకు అనిపిస్తోంది.

డోపమిన్ రిసెప్టర్లలో డి-2 అనేది ఒక రకం. మెదడు నడుమ నుంచి భావోద్వేగాల ప్రాంతానికి వెళ్లే దారిలో అది ఉంది. అక్కడ డోపమిన్ ఎక్కువగా పనిచేస్తున్నప్పుడు, ఏమీ లేని చోట అర్థాలు, ఎవరూ లేని చోట మాటలు తోస్తాయని అనేక పరిశోధనలు సూచిస్తున్నాయి. అదే డి-2 రిసెప్టర్ కదలికలను సాఫీగా నడిపే స్ట్రయేటం అనే ప్రాంతంలో దట్టంగా ఉంది. పిట్యూటరీ గ్రంథిలో ఉండి పాలు పట్టే హార్మోన్‌ను అదుపులో ఉంచుతుంది. అందుకే ఈ మందులు వాడే కొందరు స్త్రీలకు బిడ్డ లేకుండానే పాలు వస్తాయి, నెలసరి తప్పుతుంది, చుట్టుపక్కలవారు వేరే అనుమానాలు పెట్టుకుంటారు. వాంతిని పుట్టించే కేంద్రంలోనూ అదే రిసెప్టర్ ఉంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ పనిచేసేది అక్కడే. ఆ మందు మెదడు గోడను దాటగలదు కాబట్టి, ముఖ్యంగా చిన్న వయసువారిలో, ఒక్కొక్కసారి మెడ పక్కకు తిరిగిపోయి, కనుగుడ్లు పైకి పోయి బిగుసుకుంటాయి. రాయగడ వైపు ఒక గ్రామంలో ఇలా బిగుసుకున్న పదహారేళ్ల అమ్మాయికి గాలి సోకిందని ఒక రాత్రంతా మంత్రం వేయించి తెల్లవారి తీసుకువచ్చారు. ఒక్క ప్రోమెథజిన్ సూది ఇచ్చిన అరగంటకు మెడ దానంతటదే తిరిగి వచ్చింది. ఆ బిడ్డ రాత్రంతా పడిన బాధ నాకు ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఈ ఒక్క విషయాన్ని వీలు దొరికిన ప్రతి చోటా చెబుతాను. డాంపెరిడోన్ ఆ గోడను అంతగా దాటదు గనుక ఈ బిగుసుకుపోవడం దానితో చాలా అరుదు.

ఎన్ని రిసెప్టర్లు మూసుకుంటే ఏమవుతుందో, బతికున్న మనిషి మెదడులో మందు ఎక్కడ కూర్చుందో చూపే పెట్ స్కాన్ ద్వారా కొలిచారు. స్ట్రయేటంలోని డి-2 రిసెప్టర్లలో సుమారు 65 శాతం మూసుకున్నప్పుడు చెవిలో మాటలు తగ్గే అవకాశం బలపడుతుంది. 80 శాతానికి చేరువైతే వణుకు, బిగుతు, చిన్న అడుగులు మొదలవుతాయి. మేలుకూ కీడుకూ మధ్య ఉన్న గట్టు ఎంత సన్ననిదో గమనించండి. వయసు పెరిగేకొద్దీ డోపమిన్ వ్యవస్థ సహజంగానే తగ్గుతుంది కనుక 30 ఏళ్ల మనిషి తట్టుకున్న మోతాదు 58 ఏళ్ల మనిషికి ఆ గట్టు దాటించవచ్చు. 2 మిల్లీగ్రాముల మీద మీ అమ్మగారు గట్టుకు ఇవతల ఉన్నారు. 4 మీద అంచుకు చేరి ఉంటారు.

అంచు దాటించింది ఏది అన్నది నా తరువాతి మాట. రిస్పెరిడోన్ డోపమిన్‌తో ఆగదు, రక్తనాళాలను బిగించి ఉంచే ఆల్ఫా-1 రిసెప్టర్లను కూడా మూస్తుంది. మనం లేచి నిలబడగానే కాళ్లలోకి జారే రక్తాన్ని పైకి నెట్టేది ఆ బిగింపే. అది సడలితే లేచినప్పుడు రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. మోతాదు పెంచిన తరువాతే, అదీ లేచినప్పుడే కళ్లు తిరిగాయని మీరు రాశారు. అది చెవి లోపలి జబ్బు వల్ల వచ్చే తిప్పుడు కాకపోవచ్చు, ఆ మాత్ర పనే కావచ్చు. దానికి ఇచ్చిన సినరిజిన్ తల తిప్పుడు మందుగా చాలా పేరున్నదే. అయితే అది కూడా డి-2 రిసెప్టర్‌ను మూస్తుంది, నెలల తరబడి వాడిన పెద్దవారిలో పార్కిన్సన్ జబ్బును పోలిన వణుకును తెచ్చే మందుల్లో దాని పేరు తప్పక ఉంటుంది. అంచున ఉన్న మనిషిని రెండో మందు అదే వైపు తోసింది. ఒక వైద్యుడు విశాఖలో, ఒకరు ఊళ్లో, ఒకరు మరో చోట. ఒకరి చీటీ ఒకరు చూడలేదు. సరిహద్దు జిల్లాల్లో మన కుటుంబాలకు ఇది నిత్యం జరిగేదే. పెద్ద జబ్బుకు ఆంధ్ర వైపు పోతాం, చిన్న బాధకు ఇంటి దగ్గర చూపించుకుంటాం, ఒకే మందు రెండు పేర్లతో రెండు చీటీల మీద ఉన్నా గమనించేవారుండరు.

మూడో మందు ట్రైహెక్సీఫెనిడిల్. స్ట్రయేటంలో డోపమిన్, ఎసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనం ఒకదానికొకటి ఎదురుతూకంగా పనిచేస్తాయి. డోపమిన్ వైపు మూసేసరికి రెండో వైపు బరువెక్కి వణుకు వచ్చింది. ఈ మందు ఎసిటైల్‌కోలిన్ అంటుకునే మస్కరినిక్ రిసెప్టర్లను మూసి తూకం సరిచేస్తుంది. ఆలోచన సరైనదే, కాని ఆ రిసెప్టర్లు లాలాజల గ్రంథుల్లో, పేగుల్లో, మూత్రాశయంలో, అన్నిటికన్నా ముఖ్యంగా జ్ఞాపకాన్ని నిలిపే హిప్పోకాంపస్‌లో ఉన్నాయి. మన పెద్దలు ఉమ్మెత్త గింజ పొరపాటున తిన్నవారిని చూసి ఉంటారు: నోరు ఎండుతుంది, కనుపాప విప్పారుతుంది, ఎదుట లేనివారితో మాట్లాడతారు. ఉమ్మెత్తలోని అట్రోపిన్, స్కోపొలమిన్ మూసేది సరిగ్గా ఈ రిసెప్టర్లనే. అమ్మగారు రాత్రి సొంత ఇంటిని పోల్చుకోలేకపోవడం ముసలితనం మొదలైనందువల్లనో, జబ్బు ముదిరినందువల్లనో అని భయపడే ముందు, ఈ మాత్ర మొదలైన తేదీతో సరిచూడండి. జలుబుకు దుకాణంలో అడిగి తెచ్చుకునే క్లోర్‌ఫెనిరమిన్ మాత్రలకు కూడా కొంత ఇదే గుణం ఉంది. ఆమెకు అవి ఇవ్వకండి.

ఇక్కడ మన కొండల సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. తూర్పు కనుమల్లో పెరిగే సర్పగంధి వేరు మతి చలించినవారికీ రక్తపోటుకూ పనిచేస్తుందని గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ అనే వైద్యులు 1931లో రాశారు. ఆ వేరు నుంచి 1952లో రిసర్పిన్‌ను వేరుచేశారు. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చిన జంతువులు కదలకుండా పడిపోవడం చూసి, శరీరంలో డోపమిన్‌గా మారే ఎల్-డోపాను వాటికి ఇచ్చి తిరిగి లేపాడు. డోపమిన్ మెదడులో స్వతంత్రంగా పనిచేసే రసాయనమని, కదలికకు అదే ఆధారమని 1950ల చివర్లో నిలబెట్టిన ప్రయోగాలవి, 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. రిసర్పిన్ రిసెప్టర్‌ను ముట్టుకోదు, నాడీకణం తన రసాయనాన్ని దాచుకునే తిత్తులు నిండకుండా చేస్తుంది. దారి వేరైనా చివరకు డోపమిన్ మాట అవతలి గట్టుకు చేరకపోవడం ఒక్కటే, అందుకే శరీరం బిగుసుకుపోయే లక్షణమూ ఒక్కటే. మీ అమ్మగారి చేతి వణుకు వెనుక ఉన్న జ్ఞానంలో కొంత మన అడవి వేరు నుంచి వచ్చింది.

మరి అన్నీ మానేస్తే? మందు రిసెప్టర్ మీద కూర్చున్నన్నాళ్లూ కణం ఊరుకోదు. డి-2ను నెలల తరబడి మూసి ఉంచితే, వినబడని మాటను వినడానికి చెవి రిక్కించినట్టు కణం డోపమిన్‌కు మరింత సున్నితమవుతుంది, రిసెప్టర్లను పెంచుకుంటుంది. ఆ స్థితిలో మూత ఒక్కసారిగా తీసేస్తే మామూలు డోపమిన్ కూడా హోరులా తోస్తుంది. మాటలు తిరిగి రావచ్చు, నిద్ర పోవచ్చు, నోరూ నాలుకా వాటంతటవి కదలడం మొదలుకావచ్చు. అందుకే తగ్గించేటప్పుడు మెట్టు మెట్టుగా, వారాల ఎడంతో తగ్గిస్తారు. ట్రైహెక్సీఫెనిడిల్‌కూ ఇదే న్యాయం వర్తిస్తుంది. ఒక్క సినరిజిన్ మాత్రం ఇంకా వాడుతున్నట్టయితే, దాని అవసరం ఉందా అని వైద్యుణ్ణి మొట్టమొదట అడగవలసిన మాత్ర అదే. దాన్ని తీసేసినా వణుకు మర్నాడే పోదు, వారాలు పడుతుంది, కొందరికి నెలలు పడుతుంది. ఆ వ్యవధి తెలియకే చాలామంది నిరాశపడి ఇంకో మాత్ర కలుపుకుంటారు.

మామయ్యగారి సంగతి ఇంతకన్నా తొందర గలది. గాబా అనేది మెదడును శాంతపరిచే ప్రధాన రసాయనం. గాబా-ఏ రిసెప్టర్ నిజంగానే మదుము వంటిది, అది తెరుచుకుంటే క్లోరైడ్ అయాన్లు లోపలికి పారి కణం ఉద్రేకం తగ్గుతుంది. ఆల్ప్రజోలం ఆ మదుము మరింత తరచుగా తెరుచుకునేలా చేస్తుంది. ఏళ్ల తరబడి అలా సాగితే మెదడు ఆ సాయానికి తగ్గట్టు తన సొంత నిగ్రహాన్ని సడలించుకుంటుంది, మాత్ర లేని రోజున ఆపేవాడు లేని బండి అవుతుంది. రెండు మూడు రోజుల్లో నిద్రలేమి, చెమటలు, గుండెదడ, కొందరికి మూర్ఛ కూడా వస్తుంది. దానివల్ల ప్రాణాపాయం ఉంది. వైద్యులు దీన్ని నెమ్మదిగా దింపుతారు, కొన్నిసార్లు ఎక్కువ సేపు నిలిచే డయాజెపాంకు మార్చి దింపుతారు. ఆయనకు సాయంత్రం జీలుగు కల్లు గాని ఇప్పసారా గాని అలవాటుంటే అది దాచకుండా చెప్పాలి, ఎందుకంటే సారా కూడా ఆ గాబా దారినే బలపరుస్తుంది, రెండూ కలిస్తే ఊపిరి మందగించవచ్చు. నడుం నొప్పికి ట్రమడాల్ వేసుకుంటుంటే అదీ చెప్పాలి. అది మార్ఫిన్ రిసెప్టర్ మీద పనిచేస్తుంది, సెరటోనిన్ అనే మరో మెదడు రసాయనం మీద కూడా చేయి వేస్తుంది.

పొగాకు గురించి ఒక్క మాట. మన ప్రాంతంలో పెద్దావిడలు అడ్డపొగ తాగడం, అంటే చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని తాగడం, మరికొందరు పళ్లకు గుడాకు అనే పొగాకు ముద్ద రాసుకోవడం మామూలు. రెండింటిలోనూ నికోటిన్ ఉంది, మెదడులో అది చేసే పనీ ఒకటే. అయితే పొగలోని తారు వంటి పదార్థాలు కాలేయంలో కొన్ని మందులను విరిచే ఎంజైమ్‌ను పెంచుతాయి, గుడాకుకు ఆ గుణం లేదు. మనసు జబ్బుకే ఇచ్చే క్లోజపిన్ అనే మందు వాడుతూ చుట్ట మానేసి గుడాకుకు మారిన ఒక రైతు పది రోజుల్లో మగతలో పడి చొంగ కారుస్తూ వచ్చాడు. మాత్ర మోతాదు మారలేదు, రక్తంలో మందు మాత్రం పెరిగిపోయింది. రిస్పెరిడోన్‌ను విరిచే ఎంజైమ్ వేరు కాబట్టి మీ అమ్మగారికి ఈ భయం అంతగా లేదు. రేపు వైద్యుడు ఒలాంజపిన్‌కో క్లోజపిన్‌కో మారిస్తే మాత్రం పొగ సంగతి చెప్పి తీరాలి.

ఇప్పుడు మీరు చేయవలసింది. ఆమెకు తీవ్రమైన జ్వరంతో పాటు ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోయినా, పిలిస్తే పలకకపోయినా, రోజంతా మూత్రం రాకపోయినా ఏ అపాయింట్‌మెంటు కోసమూ ఆగకండి, దగ్గరలో ఉన్న పెద్ద ఆసుపత్రికి ఆ పూటే తీసుకువెళ్లండి. అవేవీ లేకపోతే మొదట రిస్పెరిడోన్ రాసిన వైద్యుని దగ్గరికే ఈ వారంలో వెళ్లండి. ఇంట్లో ఉన్న ప్రతి మాత్ర అట్టనూ, అయిపోయినవాటితో సహా, ఒక సంచిలో వేసుకోండి. ఏ మాత్ర ఏ నెలలో మొదలైందో, వణుకూ తిప్పుడూ రాత్రి పలవరింతా ఏ నెలలో మొదలయ్యాయో ఒక కాగితం మీద పక్కపక్కన రాయండి. రక్తపోటును ఆమెను పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల లోపు మరొకసారి కొలిపించి ఆ అంకెలు కూడా రాయండి. ఇంట్లో ఆమె నడిచి వెళ్లి వెనక్కి తిరిగి వచ్చేంతసేపు ఫోనులో వీడియో తీసి ఉంచుకోండి. ఆసుపత్రి గదిలో పెట్టే నాలుగు అడుగుల్లో కనిపించనిది అందులో వైద్యునికి కనిపిస్తుంది.